అరవై గళ్ల గోడ

మీ ఇంటిపన్ను రశీదు ఒకసారి తీసి చూడండి. ఇంటిపన్ను, నీటిపన్ను, వీధిదీపాల పన్ను వరసలో ఎక్కడో గ్రంథాలయ సెస్సు అని ఒక గడి ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. ఏళ్ల తరబడి కడుతున్నా ఆ గడి మీద చూపు నిలిపినవాళ్లు తక్కువ. మన జిల్లా గ్రంథాలయ సంస్థలకు ప్రధానమైన రాబడి అదే. కాబట్టి మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఆ హాలూ, ఆ బల్లలూ, పెచ్చులూడుతున్న ఆ గోడా మీవి. వాడుకోవడానికే కాదు, బాగుచేసుకోవడానికి కూడా.

వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాల్లో చెప్పే పనులు చాలావరకు ఒంటరి పనులు. తెల్లవారుజామున నాలుగింటికి లేవమంటారు, అద్దం ముందు నిలబడి మాట్లాడుకోమంటారు, డైరీలో లక్ష్యాలు రాసుకోమంటారు. మంచివే, కాదనను. కానీ మన జీవితంలో చిక్కులన్నీ వచ్చేది మనం ఎంచుకోని మనుషుల దగ్గర కదా! ఆఫీసులో పక్క కుర్చీ, అపార్టుమెంటులో పై అంతస్తు, ఊళ్లో అవతలి వీధి. వాళ్లతో కలిసి ఒక పని పూర్తిచేయడం వచ్చినవాడికి మిగతా పాఠాలు సులువుగానే వస్తాయి. ఆ సాధనకు నాకు తెలిసినంతలో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న చోటు మీ ఊరి గ్రంథాలయం గోడ. పాఠకులే కలిసి దాని మీద ఒక బొమ్మ వేయడం ఎలాగో ఈ అధ్యాయంలో చెబుతాను.

మన గ్రంథాలయాలు సర్కారు పెట్టకముందే జనం పెట్టుకున్నవి. నిజాం ఏలుబడిలో ఉన్న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లోనే వెలిసింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు కూడి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం స్థాపించారు. వేటపాలెంలో యువకులు మొదలుపెట్టిన సారస్వత నికేతనానికి 1918 నాటి చరిత్ర ఉంది. 1935లో పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పెట్టి, పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ వెంట ఊరూరా తిప్పారు. తర్వాత చట్టం వచ్చింది, సంస్థలు వచ్చాయి, సెస్సు వచ్చింది. మంచిదే. కాకపోతే ఆ వరసలో జనం చెయ్యి కాస్త వెనక్కి తగ్గి, గ్రంథాలయం కూడా ఒక ఆఫీసు అయి కూర్చుంది.

ఇప్పుడు ఒక మామూలు శాఖా గ్రంథాలయంలోకి వెళ్లి, పేపరు తీయకుండా పదినిమిషాలు ఊరికే కూర్చోండి. సగం దాకా ముదురు రంగు, పైన వెలిసిన డిస్టెంపరు. గోడవార బెంచీలున్న చోట, మనిషి కూర్చుంటే తల ఆనేంత ఎత్తులో, వరసగా గుండ్రటి నూనె మరకలు. అక్కడ రోజూ ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఆ మరకలే చెబుతాయి. గాజు తలుపుల బీరువాలకు తాళాలు. 'నిశ్శబ్దము పాటించవలెను' అనే పలక. పొద్దున పేపర్ల కోసం వచ్చే పెద్దవాళ్లు ఒక పక్క, ఉద్యోగ పరీక్షల పుస్తకాలు ఇంటి నుంచి తెచ్చుకుని చదువుకునే కుర్రాళ్లు ఒక పక్క. హైదరాబాదు చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయం నుంచి మండల కేంద్రం దాకా ఈ రెండో జట్టే ఇప్పుడు హాళ్లను నింపుతోంది. ఈ రెండు జట్లూ ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద కూర్చుంటాయి, ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఆడవాళ్లు, పిల్లలు కనిపించడం మరీ తక్కువ. మన పని మొదలయ్యేది ఇక్కడ. గోడ బాగుపడడం రెండో సంగతి, ముందు ఈ మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడాలి.

గోడ బాగుండడమే కావాలంటే కాంట్రాక్టరుకు ఇస్తే సరిపోతుంది. నగరాల్లో ఫ్లైఓవర్ల స్తంభాలకూ ప్రహరీలకూ అలాగే బొమ్మలు వేయిస్తున్నారు. కొన్ని చాలా బాగుంటాయి. ఆరునెలలు తిరిగేసరికి వాటి మీద కోచింగ్ సెంటరు పోస్టరు అతుకుతుంది, ఎవరూ అడగరు. అతికించేవాణ్ణి ఆపాలంటే ఆ బొమ్మలో ఒక గడి అయినా 'నాది' అనుకునేవాడు ఆ వీధిలో ఉండాలి.

ఈ సంగతి బాగా తెలుసుకున్న ఊరు అమెరికాలోని ఫిలడెల్ఫియా. అక్కడ 1984లో గోడల మీద పిచ్చిరాతలు మాన్పించడానికి నగర పాలకులు ఒక కార్యక్రమం పెట్టి, జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణిని తీసుకున్నారు. రాతలు రాసే కుర్రాళ్లకే రంగులిచ్చి గోడలు అప్పగించడం ఆమె పద్ధతి. అదే పెరిగి పెద్దదై మ్యూరల్ ఆర్ట్స్ అయింది, నగరమంతా వేల గోడలు నిండాయి. వాళ్ల పనితనంలో మనకు పనికొచ్చే కిటుకు ఒకటుంది. బొమ్మంతా గోడ మీదే వేయరు. పలచటి గుడ్డ మీద గీతలు గీసి, ఏ భాగానికి ఏ రంగో అంకెలు వేసి, ముక్కలు ముక్కలుగా పంచేస్తారు. బడిలో పిల్లలు ఒక ముక్క, వీధిలో పెద్దవాళ్లు ఒక ముక్క, జైలులో ఖైదీలు కూడా ఒక ముక్క రంగు వేసి ఇస్తారు. తర్వాత అన్నీ తెచ్చి గోడకు అతికిస్తారు. గీత గీయడం వచ్చినవాళ్లది, రంగు నింపడం అందరిదీ. మంచం మీంచి లేవలేని అవ్వ కూడా అందులో చెయ్యి కలపవచ్చు.

అమెరికాలోదే ఇంకో ఊరు, కాన్సస్ సిటీ. అక్కడి ప్రజా గ్రంథాలయం తన కార్ల పార్కింగు భవనం ముందు గోడను 2004లో పుస్తకాల అలమరాగా మార్చింది. వరసగా పేర్చిన పుస్తకాల వీపులు, ఒక్కొక్కటి పాతిక అడుగుల ఎత్తు, తొమ్మిదడుగుల వెడల్పు. మొత్తం 22 పేర్లు. ఏ పుస్తకాలుండాలో పాఠకులు చెప్పారు, గ్రంథాలయ పాలకమండలి వాటిలోంచి ఏరింది. అక్కడ రంగులు వేసింది పాఠకులు కాదు, కానీ అడిగిన ప్రశ్న బాగుంది.

ఈ రెండూ కలిపితే మన పద్ధతి తయారవుతుంది. ప్రశ్న కాన్సస్ సిటీది, పనితనం ఫిలడెల్ఫియాది. కొలతలకు మాత్రం బయటికి పోనక్కరలేదు, మన ముగ్గు చుక్కలు చాలు.

మధ్యలో ఒక్క మాట. బయటి దేశాల గ్రంథాలయాల్లో మెట్ల నిలువు అంచుల మీద పుస్తకాల పేర్లు రాయడం ఒక ముచ్చట. ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. మన దగ్గర ఆ పని పెట్టుకోకండి. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే జనం మనం. రోజూ వందమంది బొటనవేలు తగిలే చోట పుస్తకం పేరు రాస్తే, మొదటి వారంలోనే ఎవరో ఒకరు బాధపడతారు, వాళ్ల బాధలో తప్పేమీ లేదు. ఎక్కడో బాగున్న పని ఇక్కడ ఎందుకు బాగుండదో ముందే పసిగట్టడం కూడా మనం అలవరచుకోవలసిన తెలివే.

సరే, ప్రశ్న. 'గోడ మీద ఏం బొమ్మ వేద్దాం?' అని అడిగారంటే పని చెడింది. వచ్చే జవాబులు నాకిప్పుడే తెలుసు: సరస్వతీదేవి, అబ్దుల్ కలాం, జాతీయ నాయకులు, తెరిచిన పుస్తకంలోంచి ఎగిరే పావురం. ఒకరికి ఒక నాయకుడు, ఇంకొకరికి ఇంకో నాయకుడు, ఆ వాదన తేలదు. 'మీరు చదివినవాటిలో ఇప్పటికీ గుర్తున్న పుస్తకం ఏది? అందులో గుర్తున్నది ఏమిటి?' అని అడగండి. రెండో ప్రశ్న ముఖ్యం. 'కన్యాశుల్కం' అని ఒకరంటారు. గుర్తున్నదేమిటంటే గిరీశం చుట్ట అంటారు. 'అమరావతి కథలు' అన్నవాళ్లకు కృష్ణ ఒడ్డు గుర్తుంటుంది. 'బారిష్టర్ పార్వతీశం' అన్నవాళ్లకు ఆయన సామాను. ఆ చుట్ట, ఆ ఏరు, ఆ సామాను, అవే మీ గోడ మీది బొమ్మలు.

ఈ ప్రశ్నను ఒక పాత రిజిస్టరు పుస్తకంలో పై వరసన రాసి, పెన్ను దారంతో కట్టి, పేపర్ల బల్ల మీద నెలరోజులు వదిలేయండి. రాయడం రానివాళ్ల దగ్గరా, గ్రంథాలయానికి రానివాళ్ల దగ్గరా మీరే వెళ్లి అడిగి రాయండి. కూరగాయల కొట్టామె చిన్నప్పుడు విన్న కథ చెబితే అదీ పుస్తకంతో సమానమే, ఒప్పుకోండి. గ్రంథాలయ అధికారిని ఇంకో సాయం కూడా అడగవచ్చు: పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే రిజిస్టరులో ఎక్కువసార్లు బయటికి వెళ్లిన పుస్తకాలు ఏవో చూడమనండి. అక్కడ అసలు నిజం బయటపడుతుంది. సభల్లో అందరం 'వేయిపడగలు' పేరు చెబుతాం, తీసుకెళ్లేది యద్దనపూడిని, యండమూరిని. గోడ మీద వాళ్లకూ చోటుండాలి. మీ అభిరుచి గొప్పదే కావచ్చు, కానీ ఈ గోడ మీ ఇంటి హాలు కాదు. తన ఇష్టాన్ని అవసరమైనచోట పక్కన పెట్టగలగడం చాలామంది చదువుకున్నవాళ్లకు చేతకాని పని, అందుకే దీన్ని సాధన అన్నాను.

గోడ మీద నాయకుల మొహాలు వద్దు. ఏ నాయకుడైనా సరే. మొహం వేశాక జయంతికి దండ అంటారు, వర్ధంతికి ఇంకో దండ అంటారు, పక్కన మా వాడేడీ అంటారు. దేవుళ్లు కూడా వద్దు, ఎందుకంటే గ్రంథాలయం గడపలో అన్ని మతాలవాళ్లూ చెప్పులు విప్పుతారు. రంగుల విషయంలో కూడా కళ్లు తెరిచే ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేయడం 2020లో హైకోర్టుకూ, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకూ ఎక్కింది. ఆ రంగులు తీసేయాలనే తేలింది. కాబట్టి పసుపు ఒక్కటే గోడంతా పరిచినా, గులాబీ ఒక్కటే పరిచినా, నీలం, తెలుపు, ఆకుపచ్చ పక్కపక్కనే పెట్టినా ఊరు బొమ్మను చూడదు, జెండాను చూస్తుంది. ఒక్కో పుస్తకానికి ఒక్కో రంగు పెట్టుకుంటే ఈ గొడవే రాదు.

అనుమతి లేకుండా గోడ ముట్టుకోవద్దు. శాఖా గ్రంథాలయ అధికారితో ముందు నోటిమాటగా మాట్లాడండి, ఆయనో ఆవిడో ఒప్పుకున్నాకే కాగితం. ఎందుకంటే పైవాళ్లకు జవాబు చెప్పుకోవలసింది వాళ్లు. ఉత్తరం జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి, శాఖా అధికారి ద్వారా వెళ్లాలి. నమూనా ఇలా ఉంటే చాలు:

'అయ్యా, మన శాఖా గ్రంథాలయం వాకిలికి ఎడమవైపు గోడ మీద (వెడల్పు 10 అడుగులు, ఎత్తు 6 అడుగులు) పాఠకులమంతా కలిసి ఒక చిత్రం వేయదలిచాం. విషయం: ఊరివారు ఎంపిక చేసిన పది పుస్తకాలు. మతానికి, కులానికి, పార్టీకి సంబంధించిన బొమ్మలు ఉండవు. ఖర్చు మేమే పెట్టుకుంటాం. పని సెలవు రోజుల్లో మాత్రమే చేస్తాం. మూడేళ్లపాటు బాగోగులు మేమే చూసుకుంటాం. రంగుల నమూనా జతచేశాం. అనుమతించగలరని మనవి.'

మూడేళ్ల మాట రాయడం మరచిపోకండి. అనుమతి ఇచ్చేవాళ్ల భయం బొమ్మ గురించి కాదు, రంగు వెలిసిపోయాక అది ఎవరి నెత్తిన పడుతుందోనని.

గోడ సంగతికి వద్దాం. ఇక్కడ తొందరపడితే అందరి కష్టం ఒక్క వానాకాలంలో రాలిపోతుంది. ముందు అరచేత్తో గోడను గట్టిగా రుద్దండి. చేతికి తెల్లటి పొడి అంటితే పాత సున్నం వదులుగా ఉందని అర్థం. దాని మీద ఎమల్షన్ వేస్తే పొరలు పొరలుగా ఊడుతుంది. గీకి, గరుకు కాగితంతో రుద్ది, కడిగి, ఆరాక ప్రైమరు వేయాలి. తర్వాత చెమ్మ పరీక్ష: అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథీన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి ఒక పగలూ రాత్రీ వదలండి. లోపలివైపు నీటిబొట్లు కనిపిస్తే ఆ గోడకు ఊట ఉంది. మేస్త్రీని పిలిచి ఊట ఎక్కడిదో చూపించండి, లేదా వేరే గోడ చూసుకోండి. కొత్తగా సిమెంటు పూత పూసి ఉంటే కనీసం నాలుగు వారాలు ఆరనివ్వండి. బయటి గోడకు బయట వాడే ఎమల్షనే కొనాలి. లోపలి హాలుకైనా ఎనామిలు వద్దు, ఆ వాసనకు చదువుకునేవాళ్లు పారిపోతారు. లీటరు ఎమల్షను రెండు పూతలకు సుమారు యాభై, అరవై చదరపు అడుగులకు సరిపోతుంది. కాబట్టి నేల రంగుకు లీటరున్నర, పై రంగులు చిన్న డబ్బాల్లో తీసుకుంటే ఈ గోడకు సరిపోతుంది.

కాలం విషయానికొస్తే బయటి గోడకు ఎండాకాలమే మేలు. గోడ పొడిగా ఉంటుంది, పిల్లలకు సెలవులు, గ్రంథాలయాల్లో వేసవి శిబిరాలు కూడా అప్పుడే. కాకపోతే పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఎండ తగ్గాక మాత్రమే పని. మధ్యాహ్నం కాలిన గోడ మీద బ్రష్షు ఆనించగానే రంగు ఆరిపోయి గీతలు పడతాయి. చాలా శాఖా గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు. పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ల గంటలు మీ ముచ్చట కోసం పాడు చేయొద్దు, వాళ్ల బతుకు ఆ గంటల మీద ఉంది. సెలవు రోజు చూసుకుంటే వాళ్లే బ్రష్షు పట్టుకుంటారు.

బొమ్మ లెక్క ఇది. పదంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు ఉన్న కాగితం మీద పది పుస్తకాల వీపులు నిలువుగా గీయించండి, ఒక్కొక్కటి అంగుళం వెడల్పు. ప్రతి అంగుళానికీ గీత కొడితే అరవై గళ్లు వస్తాయి. గోడ మీద అదే కొలత, అంగుళానికి అడుగు. నేల నుంచి అడుగున్నర వదిలి, రసమట్టం పెట్టి, రంగు దారం కొట్టి, ప్రతి అడుగు దగ్గర ఒక చుక్క పెట్టాలి. ఈ చుక్కలు పెట్టే పనికి ఆర్టిస్టు అక్కర్లేదు, సంక్రాంతి నెలలో వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గు తడబడకుండా పెట్టే మనిషిని పిలవండి. ఏ గడిలో ఏ గీత ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో ఆమె కంటికి పట్టుబడినంతగా ఇంజనీరుకు కూడా పట్టుబడదు. ఎన్నడూ గ్రంథాలయం మెట్లెక్కని ఆమె ఆ రోజు పనికి పెద్ద అవుతుంది. ఈ ఒక్క మార్పు కోసమే ఈ పని మొత్తం చేసినా దండగ కాదంటాను.

గీత గీయడానికి, అక్షరాలు రాయడానికి మాత్రం చేయి తిరిగినవాళ్లు కావాలి. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిపోయిన బోర్డు రాసే పెయింటరు మీ ఊళ్లో ఒకరైనా ఉంటారు. ఒకప్పుడు సినిమా హాలు దగ్గరి గుడ్డ బ్యానర్లు, కొట్ల పేర్లు, ఎన్నికల గోడరాతలు అన్నీ ఆ చేతివే. తెలుగు అక్షరానికి గుండ్రటి వంపు, తలకట్టు ఎక్కడ తేల్చాలో, వత్తు ఎంత కిందికి దించాలో వాళ్లకున్న లెక్క కంప్యూటరు అక్షరాల్లో కనిపించదు. ఆ మనిషిని పిలిచి రోజు కూలి ఎంతో అడిగి, బేరమాడకుండా ఇవ్వండి. ఊరి సేవ అంటూ అందరికంటే పేదవాడి చేత ఉచితంగా పనిచేయించుకోవడం మనకున్న పాడు అలవాటు.

ఇక రంగులు నింపే రోజు. అరవై చీటీలు, చీటీకి ఒక గడి, దాని మీద రంగుల అంకెలు. కింది రెండు వరసలు పిల్లలవి, నేల మీద కూర్చుని వేస్తారు. మధ్య వరసలు పెద్దవాళ్లవి, నిలబడితే ఛాతీ ఎత్తుకు అందుతాయి. పై వరసలు బెంచీ ఎక్కగల కుర్రాళ్లవి. ఒక్కో పుస్తకానికి ఆరు గళ్లు కాబట్టి ఒక్కో వీపు దగ్గర ఆరుగురు చేరతారు. వాళ్లను ఇళ్లవారీగా, స్నేహితులవారీగా కాకుండా చీటీల ప్రకారం కలపండి. పేపరు పెద్దాయన గడి కింద అంచు, అయిదో తరగతి పిల్ల గడి పై అంచు ఒకటే అవుతుంది. 'నీ ఎరుపు నా దాంట్లోకి వచ్చింది' అని ఆ పిల్ల అన్నప్పుడు ఆయన ఏం చేస్తాడో చూడండి. సాధారణంగా నవ్వి జరుగుతాడు. ఒక్కోసారి జరగడు, అప్పుడు పిల్ల తన నీలంతో ఆ ఎరుపును చుట్టేస్తుంది. ఏది జరిగినా బొమ్మకు మంచిదే.

ఇక్కడే అసలు ప్రమాదం పొంచి ఉంటుంది. ఊళ్లో బొమ్మలు బాగా వేసే ఒక మనిషి, చాలాసార్లు ఈ పని తలపెట్టిన మనిషే, వంకర గడి చూసి ఉండబట్టలేడు. అందరూ వెళ్లాక బ్రష్షు తీసుకుని దిద్దుతాడు. మర్నాడు పొద్దున ఆ గడివాడు వచ్చి చూసుకుంటాడు. ఏమీ అనడు. మళ్లీ రాడు. ఆ ఒక్క దిద్దుబాటుతో మీరు గోడను గెలిచి మనిషిని పోగొట్టుకున్నారు. కాబట్టి మొదటి రోజే అందరి ముందూ చెప్పండి: ఎవరి గడి వారిదే, వేసినవారు తప్ప ఎవరూ దిద్దకూడదు, నిర్వాహకులు అసలే దిద్దకూడదు. ఎగుడుదిగుళ్లు సర్దడానికి మర్యాదైన దారి ఒకటుంది. అన్ని రంగులూ ఆరాక బోర్డు పెయింటరు ముదురు రంగుతో పుస్తకాల అంచులు, బొమ్మల అంచులు ఒకేసారి గీసుకుంటూ పోతాడు. మన చేర్యాల బొమ్మలకూ కలంకారీకీ ప్రాణం ఆ బయటి గీతలోనే ఉంది. అది పడగానే అరవై చేతులూ ఒక బొమ్మ అవుతాయి, ఎవరి రంగూ చెరగదు.

ఉద్యోగంలో పదిమందిని నడిపించేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవాలి. కింద పనిచేసేవాళ్ల ఈమెయిలు, నివేదిక, లెక్క రాత్రి కూర్చుని దిద్ది పంపే పెద్దసారు ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు. తన శ్రద్ధకు తానే మురిసిపోతాడు. తన జట్టు ఎందుకు ఎదగడం లేదో మాత్రం ఆయనకు అంతుపట్టదు.

గోడ కుదరని చోట గుడ్డ ఉంది. ఊట గోడలు, అద్దె భవనాలు, అనుమతి ఇవ్వని అధికారులు, ఈ మూడింటికీ అదే విరుగుడు. మన ఇళ్లలో పాత చీరలతో బొంత కుట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంటికొక ముక్క, కొలత ఒక్కటే: పదమూడు అంగుళాల చదరం, కుట్లలోకి అరంగుళం చొప్పున పోతే పన్నెండు మిగులుతుంది. నూలు గుడ్డే కావాలి, ఒకసారి ఉతికి తేవాలి, లేకపోతే తర్వాత ముడుచుకుని బొంత వంకరపోతుంది. ముక్క మీద ఏం కుట్టినా వారి ఇష్టం. కొలత బిగుతుగా, లోపలి విషయం వదులుగా ఉండాలన్న ఈ సూత్రం ఎంత దూరం పోతుందో అమెరికాలో ఎయిడ్స్‌తో పోయినవారి కోసం వాళ్లవాళ్లే కుట్టిన బొంత చూస్తే తెలుస్తుంది. 1987లో వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచినప్పుడు దానిలో 1,920 ముక్కలు, ప్రతి ముక్కా మూడడుగులకు ఆరడుగులు. కొలత తప్ప ఇంకే నియమమూ లేకపోవడం వల్లే అన్ని ఇళ్ల దుఃఖం ఒకచోట అమరింది.

గ్రంథాలయంలో బొంతకు ఇంకో లాభం కూడా ఉంది. సిమెంటు హాళ్లలో కుర్చీ జరిపినా చప్పుడు మోగుతుంది. గోడకు మందమైన గుడ్డ వేలాడితే ఆ మోత కొంత తగ్గుతుంది. పై అంచున తొడుగు కుట్టి కర్ర దూర్చితే వేలాడదీయడం, దించి దులపడం తేలిక. వెనకవైపు పాత పంచె గుడ్డ వేయండి. ఏడాదికి రెండుసార్లు దించి ఎండలో వేయకపోతే పురుగులు పడతాయి, వాటికి బొంతకూ పుస్తకానికీ తేడా తెలియదు.

పేర్ల దగ్గర ఒక్కమాట గట్టిగా చెప్పాలి. ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు రాసుకునే జనం మనం. గోడ పూర్తయ్యాక 'సౌజన్యం' అంటూ బొమ్మకంటే పెద్ద అక్షరాలతో ఒక పేరు రాయమని అడిగేవాళ్లు తప్పక వస్తారు. వాళ్ల డబ్బు తీసుకోకముందే చెప్పండి: గోడ మీద ఎవరి పేరూ ఉండదు. ప్రశ్న రాసిన ఆ రిజిస్టరులోనే అరవై గళ్ల పటం గీసి, ఏ గడి ఎవరిదో రాసి, గ్రంథాలయంలో భద్రపరచండి. దాత పేరు కూడా అందులోనే, అదే సైజులో. ఆ నియమానికి ఒప్పుకోని డబ్బు మనకు అక్కర్లేదు. లీటరున్నర ఎమల్షనుకు, పై రంగుల చిన్న డబ్బాలకు, పెయింటరు కూలికి అరవై ఇళ్ల చందా చాలు.

పని అయిపోయాక మిగిలిన రంగు పారేయకుండా ప్రతి డబ్బా మీద షేడు నంబరు రాసి, మూత బిగించి, గ్రంథాలయంలోనే ఒక మూల ఉంచండి. ఏడాదికోసారి, వానలు వెనకపట్టాక, గోడ చూసి రాలిన గళ్లు దిద్దాలి. దిద్దడానికి ఆ గడివాళ్లనే పిలవండి, ఊరు విడిచి వెళ్లినవారి గడి కొత్తగా సభ్యత్వం తీసుకున్నవారికి ఇవ్వండి.

నవంబరు 14 నుంచి 20 వరకు ఏటా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. కోస్తాలో అవి వాన రోజులు కాబట్టి ఆ వారానికి బొంత పెట్టుకోండి, గోడకు వచ్చే వేసవి ఉంది. ముక్కలు కుట్టడానికి రెండు నెలలైనా పడుతుంది. సభ్యత్వం లేకపోతే ఈ వారమే తీసుకోండి, పేపర్ల బల్ల మీద రిజిస్టరు పెట్టడానికి అనుమతి అడగండి. మొదటి వరసలో మీ పుస్తకం పేరు మీరు రాయకండి, పక్కన కూర్చున్నవారికి పెన్ను ఇవ్వండి.